రేకుపెట్టె

మొదటి రాత్రి ఎస్తేరమ్మ
ఒక రేకుపెట్టె, దాని తాళంచెవి చేతిలో పెట్టింది.
అందులో దాచుకోడానికి నా దగ్గర
నరసాపురం స్టేషన్లో ఎవరో మరిచిపోయిన దువ్వెన ఉంది.
దాన్నే పెట్టి తాళం వేశాను.
తీసి చూశాను. మళ్ళీ వేశాను.

ప్లాట్‌ఫాం మీద నిద్రంటే
ఒక కన్ను చెప్పుల మీద, ఒక కన్ను మగాళ్ళ మీద.
సారా పడితేనే రెండూ మూతపడేవి.
ఈ మాటకి డాక్టరమ్మ రాసుకోవడం ఆపేసింది.

మూడో రాత్రి
గోడలోంచి చీమలు నన్ను పేరు పెట్టి పిలిచాయి.
తెల్లారేదాకా వరహాలు నా కాళ్ళు పట్టుకు కూర్చుంది.
పోయిన వానాకాలం తనూ ఇంతేనట,
లేసు సూదితో ఎవర్నో పొడవబోయిందట.
ఇప్పుడా సూదితోనే నాకు పువ్వులు నేర్పుతోంది.
నా వేళ్ళకి దారం చిక్కదు.
"వణికితే వణకనీ, వణుకుతూనే అల్లు."

కిటికీ అవతల కాలువ కట్టేశారు.
లాకుల కాడనుంచి చుక్క రాదు.
ఇన్నాళ్ళూ నీళ్ళు కప్పిందంతా బురదలో తేలింది:
సీసాలు, ఒంటి చెప్పు, వినాయకుడి వెదురుబద్దలు,
ఒక పలకముక్క.

కిటికీ మూసేశాను.
నాకో కూతురుందని
అప్పటిదాకా ఇక్కడెవరికీ చెప్పలేదు.

జూన్లో నీళ్ళొదులుతారట.
ఈలోపు పూడిక తియ్యాలి.
కూలోళ్ళు దిగారు, మోకాటి లోతు.

రాత్రి పెట్టె తీశాను.
దువ్వెన పక్కన నా మొదటి పువ్వు పెట్టాను,
ఐదు రేకులకి ఒకటి తక్కువ.
తాళం వెయ్యడం మరిచిపోయి
నిద్రపోయాను.