అచ్చుతప్పు

తప్పు నాదే.
మేనకోడలి ఫోన్‌లో పది కిలోమీటర్ల గడి నొక్కబోయి
కింది గడి నొక్కాను. నలభై రెండు.
కట్టిన రుసుము తిరిగి ఇవ్వబడదు, అని ఉంది అడుగున
చీమతలంత అక్షరాల్లో,
ఒక్క తప్పు లేకుండా.

చిక్కడపల్లి ప్రెస్‌లో ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను.
శుభలేఖల్లో వధువు పేరు, గైడుల్లో జవాబులు,
కవుల సంపుటాల్లో వాళ్లకే తెలియని దీర్ఘాలు.
నా కుర్చీలో నా ఆకారం గుంటపడి ఉంది.
బళ్లో ఆటల పీరియడ్‌కి
అందరి చెప్పులకీ కాపలా నేనే.
కబడ్డీ కూత వినడమే గానీ
నా గొంతులోంచి ఎన్నడూ బయటికి రాలేదు.

"పోనీ, వదిలెయ్యండి" అంది కుసుమ.
రెండు వేల మూడు వందలు, అన్నాను.
ఇంక తను మాట్లాడలేదు.

కోఠీలో బూట్లు కొన్నాను.
"దౌడ్‌కా, సాబ్?" అని నా పొట్టకేసి చూసి
ఒక సైజు పెద్దవి ఇచ్చాడు దుకాణం కుర్రాడు.
కాళ్లు వాస్తాయట.
వాచాయి.

నాలుగున్నరకి అశోక్‌నగర్ కుక్కలు
నన్ను దొంగ కింద జమకట్టాయి.
వాటిని అనేందుకు లేదు. ఆ వేళప్పుడు ఈ వయసువాడు
పరిగెత్తడానికి మరో కారణం ఉండదు.

ఇందిరా పార్కు గోడ వెంట
దీపస్తంభానికో అక్షరం అనుకున్నాను.
క. ఖ. గ. ఘ.
ఙ దగ్గర ఊపిరి అయిపోయింది.
ముప్పై ఏళ్లలో ఒక్క ప్రూఫులోనూ
నా పెన్ను కింద పడని అక్షరం
ఆవేళ ఫుట్‌పాత్ మీద నన్ను కూర్చోబెట్టింది.
పాలప్యాకెట్ల ట్రేలు దించుతున్నవాడు
నీళ్లు కావాలా అనలేదు,
"అంబులెన్సా?" అన్నాడు.

ఏప్రిల్ అంతా చ వర్గం.
మేలో, రాత్రి కూడా రోడ్డు చల్లారని రోజుల్లో,
వెనక్కి వచ్చి మళ్లీ ఘ.
ఎడమ బొటనవేలి గోరు నేరేడుపండు రంగు తిరిగి
జూన్ పదకొండున సబ్బునురగతో పాటు వెళ్లిపోయింది.
కుసుమ దాన్ని బాత్రూమంతా వెతికింది, ఎందుకో.

సంజీవయ్య పార్కు దగ్గర నుస్రత్ కలిసేది.
డయాలసిస్ వార్డులో నైట్ డ్యూటీ దిగి
ఇంటికి పోయేముందు ఐదు కిలోమీటర్లు.
"ఎందుకంకుల్ అంత గస?
మాట్లాడుకుంట ఉరికేటంత మెల్లగ ఉర్కాలె" అంది.
ఆమెకి జవాబు చెప్పడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.
మొదట "ఆఁ".
తర్వాత "సరేనమ్మా".
జూలైలో ఒక పొద్దున, సాగర్ వాసన గాలివాటుకి అటు మళ్లినప్పుడు,
కర్త, కర్మ, క్రియ ఉన్న వాక్యం ఒకటి
ఆగకుండా నా నోట పూర్తయింది.
నిన్న మా ఆవిడ గోంగూర పచ్చడి చేసింది.
ఆ పాటి వాక్యానికి
నుస్రత్ చప్పట్లు కొట్టింది.

ఇంకో పొద్దున ఆమె మాట్లాడింది.
ఏడో నెంబరు బెడ్డు గురించి.
రెండేళ్లుగా వారానికి మూడుసార్లు వచ్చేవాడట,
తను తినకూడని పల్లీపట్టీ ఆమె కోసం జేబులో తెచ్చేవాడట.
అప్పటికి నా దగ్గర బోలెడు ఊపిరి ఉంది.
ఏ మాటకీ అది పనికిరాలేదు.
నెక్లెస్ రోడ్డు పొడుగునా
రెండు జతల బూట్ల చప్పుడే.

ఒకటి ఒప్పుకోవాలి.
ముప్పై రెండు దాటి నేనెన్నడూ పరిగెత్తలేదు.
మిగిలిన పదీ ఎలా ఉంటాయో తెలీదు.
నేను మొదట పరిగెత్తుదామనుకున్న పది అవేనేమో.

నిన్న నెంబరు కాగితం ఇచ్చారు, నాలుగు పిన్నీసులు.
నా పేరు శేషఫణి.
శేషపాణి అని వేశారు.
ఎర్రపెన్ను మూత తీశాను, అలవాటు.
కాసేపు చూసి మూత పెట్టేశాను.
ఎవరో ఆ శేషపాణి.
రేపు అతని సంగతి చూద్దాం.

ఇప్పుడు మూడుంబావు. చినుకులు.
గేటు చప్పుడుకి కుక్క ఒకటి తలెత్తి
మొరగాలా వద్దా అని చూసి
మళ్లీ ముడుచుకుంది.
దీపస్తంభం కింద లేసు బిగించుకున్నాను.

క.