గీత కింది రంగు

మార్చి నెల. సాగినా.
గరాజు తలుపు కిందనుంచి మంచు కరిగిన నల్లటి నీళ్ళు.
హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని బానెట్ మీదికి వంగాను
తలంటిపోసి ఆరబెడుతున్నట్టు.

స్పెషల్ ఎడిషన్.
డ్యాష్‌బోర్డు మీద చిన్న రేకు చెబుతుంది:
రెండు వేల ఐదువందల్లో పదిహేడువందల ఆరోది.
ఇంజను మాత్రం అందరిదే.
విశేషమంతా ఒంటిమీదే —
ముక్కు నుంచి తోక దాకా రెండు నారింజ గీతలు,
తలుపుల వెనక చెరో ముక్కుపుట,
డిక్కీ మీద రెక్క.

ముందు ముక్కుపుటలు.
నాన్న వాలై చేపలకు వాడిన గాలపుదారం
వెనక్కి దూర్చి రంపంలా లాగాను, అటూ ఇటూ.
టేపు తెగుతున్న చప్పుడు,
పాత చెప్పు అట్ట ఊడుతున్నట్టు.
ఊడింది.
వెనకాల చిల్లు లేదు.
నున్నటి రేకు.
పన్నెండేళ్ళుగా ఊపిరి పీలుస్తున్నట్టు నటించింది.
పైన పటారం, లోన లొటారం కూడా కాదు,
దీనికసలు లోనే లేదు.

అక్క మొగుడు కర్టిస్ ఫోన్లో మొత్తుకున్నాడు.
ముక్క పీకినప్పుడల్లా వెయ్యి డాలర్లు పీకుతున్నావ్,
కనీసం డబ్బాలో దాచు, కొనేవాడికి చూపించాలిగా.
కొనేవాడెవడు?
నేను నైట్ డ్యూటీకి వెళ్ళేది దీన్లో.
ప్రతి సిగ్నల్ దగ్గరా ఎవడో కుర్రాడు
గీతలు చూసి, కిటికీ దించి, ఇంజను రంకె వేయిస్తాడు.
యాభై రెండేళ్ళ నర్సుని.
నాకు పరుగు ఇష్టం. పందెం కాదు.

ఎదురింటి డెల్బర్ట్ ఆస్‌గుడ్ వచ్చాడు
కాఫీ కప్పుతో, పిలవకుండానే.
కాసేపు ఊరకే చూశాడు.
"పైకి లాగకు.
దాని మీదికి దాన్నే మడిచి మెల్లగా లాగు,
నిద్రపోయిన పిల్లాడి చొక్కా విప్పినట్టు."
నీకెలా తెలుసన్నాను.
"అంటించింది నేనేగా.
ఇదే కాకపోవచ్చు. రెండో షిఫ్టులో ఇలాంటివే.
సబ్బునీళ్ళు చల్లి, గీతని తేల్చి,
రబ్బరు బద్దతో అదిమి, బండికి తొంభై సెకన్లు.
బుడగ మిగిలితే సూదితో పొడిచేవాళ్ళం."
కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి వెతికాడు.
హెడ్‌లైటు పైన, నిజంగానే,
ఆవగింజలో సగం, ఒక సూదిపోటు.
"వీడెవడో తొందర్లో ఉన్నాడు" అన్నాడు.
తనే అయుండొచ్చని మాత్రం అనలేదు.

రెండు గంటలు.
నేను వేడి పట్టాను, ఆయన లాగాడు.
తెగినప్పుడల్లా నేను తిట్టాను,
ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.
"చూశావా, ఎంత గట్టిగా అంటించామో!"

జిగురు తుడిచే మందుకి కమలాతొక్క వాసన.
వేళ్ళ సందుల్లో అదే, గోళ్ళ కిందా అదే.
తుడిచి, కడిగి, బయటికి తీశాం, ఎండలోకి.

గీతలు పోలేదు.

పన్నెండు వేసవులు చుట్టూ ఉన్న నీలాన్ని నాకేశాయి.
నారింజ కింద దాక్కున్న నీలం మాత్రం
షోరూములో దీపాలు మొదటిసారి పడ్డప్పటిలాగే.
అవే రెండు గీతలు, అదే వెడల్పు,
గోటితో గీరితే అంచు తగలదు.

పాలిష్ కొట్టిస్తానన్నాను.
డెల్బర్ట్ అరచేయి ఆనించి, బానెట్ చివరిదాకా నడిచాడు.
"నాలుగైదేళ్ళు ఎండలో పెట్టు. అదే దిగుతుంది" అన్నాడు.
పీకిన గీతలన్నీ ఒకదానికొకటి అంటుకుని
పెద్ద ఉండ అయ్యాయి.
పారేస్తానని తీసుకెళ్ళాడు.
చెత్తడబ్బా దాటి, ఇంట్లోకి వెళ్ళాడు.

రెక్క ఉంచేశాను.
దాని కింద మాత్రం నిజమైన చిల్లులున్నాయి, నాలుగు.
తీస్తే వాన డిక్కీలోకి.

ఆ రాత్రి సిగ్నల్ దగ్గర
పక్క ట్రక్కులో కుర్రాడు ఒకసారి చూశాడు.
పసుపు దీపాల కింద నీలాలన్నీ ఒకటే.
పచ్చ లైటు పడింది.
ఇద్దరం మామూలుగా కదిలాం.
అద్దంలో రెక్క
వెనకపడుతున్న రోడ్డుని రెండుగా కోస్తూ.