సున్నా నుంచి నాలుగు

గుణుపురం ఆసుపత్రి వరండా.
ఫారం ఒడియాలో, నా నోట తెలుగు.
"ఒంట్లో ఆవిరి పొంగుతుందా దాలమ్మా?
సున్నా అంటే లేదు,
నాలుగంటే ఓర్వలేను."

నవ్వింది.
"ముప్పయ్యేళ్ళు ఉప్పుడొడ్లు ఉడకేసినాను,
ఏ సెగ దేనిదో ఎలగ సెప్పగల్ను?
రేతిరి మటుకు లేచెల్లి
వంశధార గట్టుమీద కూకుంటాను.
దానికెన్నేస్తావు?"

రెండు వేశాను.
కొట్టేసి మూడు.

నిద్ర. కీళ్ళు. గుండెదడ.
చిరాకు దగ్గర ఆగింది:
"మా ఇంటాయన కంచం ఇసిరేసినాను మొన్న.
ఒల్లు సల్లబడిపోనాది."
ఆ చల్లదనానికి ఫారంలో అంకె లేదు.

బీపీ పట్టీ బిగించాను. నూట అరవై.
"ఇది మాత్రం నవ్వులాట కాదే" అన్నాను.
ఎముకల పరీక్ష బరంపురంలో అంటే
బస్సుకెంతవుద్దని అడిగింది.

ఆఖరి గడి: ఇంకేమైనా.
"రాసుకో.
శాల ఎనకాల, ఎవులికీ కనబడకుండా
నెలనెలా గుడ్డలారేసిన తీగ.
ఇప్పుడు దానికి ఎండుసేపలు కడతన్నాను,
ఈదిలోకి తెచ్చి."

గడి చిన్నది. అంచు మీద రాశాను.

వేలిముద్ర వేస్తూ
నా మెడ మీది చెమట చూసింది.
"నెత్తిమీద ఫేను తిరుగుతోంది కదే అమ్మా,
నీకెన్ని?"