మెల్లగా పోనీ

తాలెక్వా నుంచి ఎనిమిది గంటలు.
దారిలో రెండుసార్లు కాఫీ, ఒకసారి పెట్రోలు.
"వాళ్ళకెన్నాళ్ళు పట్టింది?" అన్నాడు మావాడు,
ఫోన్లోంచి తలెత్తకుండానే.
ఒలీటా అమ్మమ్మ కిటికీ అద్దం మీద
వేలితో ఏదో లెక్క వేసి
చెరిపేసింది.

కెంటకీలో, మొక్కజొన్న చేల వెనక, ఆ రాతి వంపు.
ఆ చలికాలం ఒహాయో నది
పూర్తిగా గడ్డకట్టకా, సరిగా పారకా
మంచు పెళ్ళల్ని ఒరుసుకుంటుంటే
పడవ కోసం మావాళ్ళు ఆగిన చోటు.
బోర్డు నిండా అంకెలు.
అమ్మమ్మ బోర్డు చదవలేదు.
రాతికి వీపానించి
గాలి ఎటునుంచి కొడుతోందో చూసింది.
"పిల్లల్ని ఈ మూల పడుకోబెట్టుంటారు," అంది,
ఇప్పుడే పక్క వేయబోతున్నదానిలా.

జూన్ ఎండ. చెవి దగ్గర దోమ.
మావాడు సీసా అందిస్తే
"అమ," అంది. నీళ్ళు.
వాడూ అన్నాడు, కాస్త సాగదీసి: "ఆమ."
"ఊహూఁ, అది ఉప్పు."
మా లిపిలో రెండిటికీ ఒకటే రాత,
తేడా అంతా నోట్లోనే.
మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఉప్పే.
ముగ్గురం పడీపడీ నవ్వాం.
ఇక్కడ నవ్వొచ్చా అని
నేనొక్కదాన్నే చుట్టూ చూశాను.

తిరుగు దారిలో ఒహాయో మీద ఇనుప వంతెన.
"ఆపు," అంది.
వంతెన మీద ఆపకూడదు అమ్మమ్మా.
"అయితే మెల్లగా పోనీ."
వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది.
ముసలామె నడిచేంత మెల్లగా,
చంకలో బిడ్డ ఉన్న మనిషి నడిచేంత మెల్లగా
పోనిచ్చాను.