మీరు, నీవు

సాల్మియా దాటగానే దుమ్ము లేచింది.
బాలశౌరి వ్యాను ఓరగా ఆపాడు.
శుక్రవారం, తొమ్మిదిన్నర.
నెలకి రెండే సెలవులు నాకు,
అందులో ఒకటి ఇలా అద్దాల మీద గీరుకుపోతోంది.

అంతదాకా ఒకటే వాదన.
ముంచాలని కృపావతి,
చల్లితే చాలని నేను, రాజోలు లూథరన్ దాన్ని.
మరియతల్లి జోలికి మాత్రం రావద్దని బాలశౌరి,
అద్దానికి వేలాడే జపమాల సర్దుతూ.
కొట్టాయం కురియాకోసు నవ్వుతూ కూర్చున్నాడు,
మేం ఏ నీళ్ళ కోసం కొట్టుకుంటున్నామో అర్థంకాక.

బానెట్టు కూడా కనబడటం మానేసింది.
పరలోక ప్రార్థన చేద్దామంది కృపావతి.
జపం, అన్నాడు బాలశౌరి.
తండ్రీ అన్నంతవరకూ ఒకే గొంతు.
ఆ తరవాత
మా తండ్రి నీవు, ఆయన తండ్రి మీరు.
మాకు ఆహారం, ఆయనకి అన్నం.
మాటలు ఒకదాని కాలు ఒకటి తొక్కి ఆగిపోయాయి.

"ఇంట్లో నాన్నని నువ్వంటావా?"
"అంటాను. అమ్మ మొట్టినా అనేదాన్ని."

మళ్ళీ మొదలెట్టాం, నెమ్మదిగా,
పడవ దిగే ముసలాళ్ళలా ఒకరినొకరు చూసుకుంటూ.
మేం ఋణాలన్నాం, ఆయన అప్పులన్నాడు.
అక్కడ మాత్రం ఎవరూ తడబడలేదు.
ఏజెంటుకి నేనింకా లక్షా పదివేలు,
కృపావతి ఎంతో చెప్పదు,
బాలశౌరి ఈ వ్యానే అప్పు.

చివర్న ఆమెన్ అందుకున్న కురియాకోసు
సంచిలోంచి ఖుబ్బూసు తీసి నాలుగు ముక్కలు చేశాడు.
ఇది బల్లా, పూజా అని ఎవరూ అడగలేదు.
పళ్ళ కింద ఇసుక కరకరమంది.

మింగాక, కొంగుతో మూతి తుడుచుకుని
"అయినా ముంచాల్సిందే" అంది కృపావతి.