చేప కడుపులో బుధవారం

నేను ఆ బళ్లో తాళంచెవుల మనిషిని.
చల్లారిన హీటర్లు, పూడిన తూములు,
కప్పుమీద ఇరుక్కున్న బంతులు, ఇదీ నా శాఖ.
దేవుడు నా కిందికి రాడు.
అయినా బుధవారం పొద్దున్నే ఐల్సా టీచరొచ్చి
"మధ్యాహ్నానికల్లా ఓ తిమింగిలం కావాలి" అంది,
సుద్దముక్కలు అయిపోయాయన్నంత మామూలుగా.

పీటర్‌హెడ్‌లో చేపకి కరువా?
రేవులో అడిగి పాత వలొకటి తెచ్చాను.
దారిలో మంచు కరగడానికి చల్లే ఉప్పు ఉంటుందే,
ఆ గుట్టమీద కప్పిన నల్ల టార్పాలిన్ లాగాను.
పక్కటెముకలకి ఆటల గదిలోని రింగులు ఆరు.
పళ్లకి పెరుగు డబ్బాలు.
నాలుగో తరగతి పిల్లలు ఇరవైముగ్గురు
జిగురు చేతుల్తో మూగి
భోజనాల గంటలోపు దానికి ప్రాణం పోశారు.
కళ్లే కుదర్లేదు, ఒకటి పెద్ద, ఒకటి చిన్న.
"అంత పని చెప్పాడు కదా దేవుడు,
భయానికి ఓ కన్ను మూసింది" అన్నాడు బ్రోనెక్.

పోయినేడు ఇదే పాఠం ఒక కాగితం.
ఖాళీలు పూరించుము:
యోనా చేప కడుపులో ఎన్ని రోజులు ఉండెను?
అందరూ మూడు అని రాశారు.
మూడంటే ఎంతసేపో ఎవరికీ తెలీదు.

ఈసారి పాకారు లోపలికి, ఐదుగురేసి.
దీపాలార్పింది నేనే.
బియ్యం పోసిన డబ్బాలు ఊపితే వాన,
బేకింగ్ రేకు విదిలిస్తే ఉరుము.
"ఆయన యోనా కాదు, యూనుస్"
చీకట్లోంచి రహఫ్ గొంతు.
"మేం పడవెక్కిన రాత్రి తెల్లవార్లూ
మా నానమ్మ ఆయన మాటలే అంది."
టీచరు దిద్దలేదు.
"అయితే నువ్వే చెప్పమ్మా."
చెప్పింది, అరబ్బీలో.
ముక్క అర్థం కాలేదు మాకు.
బియ్యం డబ్బాలు మాత్రం వాటంతటవే ఆగాయి.

మూడున్నరకి గంట. కోట్లు, సంచులు, కేకలు.
చేపని విప్పుదామని వెళ్తే
లోపల ఒకడు మిగిలున్నాడు.
స్ట్రూవన్.
వాళ్ల నాన్న పేరు రేవు దగ్గరి రాతిమీద
రెండు చలికాలాల నించీ ఉంది.
"గంటయిందయ్యా" అన్నాను. కదల్లేదు.
నా మోకాళ్లు సముద్రంలోనే పోయాయి,
అయినా పాకాను.
జిగురు వాసన, తడి ఉన్ని వాసన,
వల ఎన్నటికీ వదలని ఆ ఇంకో వాసన.

చాలాసేపటికి అడిగాడు:
"చేప ఆయనొక్కణ్ణే కక్కిందా?"

పదహారేళ్లు వలలు లాగినవాణ్ణి.
సముద్రం నాకు తిరిగిచ్చినవి
ఒక బూటు, సగం బల్ల,
ఒకసారి ఎవరిదో టీ కెటిల్, మూతతో సహా.
"తెలీదు" అన్నాను.
పెరుగు డబ్బాల పళ్లకి అవతల
ఐల్సా టీచరు నేలమీద కూచునుంది, ఎప్పుడొచ్చిందో.
ఆమె కూడా ఏమీ చెప్పలేదు.
ఒక టార్చిలైటూ, తెల్ల సుద్దల పెట్టే
లోపలికి తోసింది.

వాడు గీశాడు, చేప కడుపు గోడమీదే.
దేవుణ్ణి కాదు, అలల్ని కాదు.
ఒక బల్ల. ఒక దీపం.
వేలాడే కోటు, దాని కింద పొడి మేజోళ్లు.
కుర్చీ.
కాసేపాలోచించి పక్కన ఇంకో కుర్చీ.
తర్వాత రొట్టె.
"మూడ్రోజులకి చాలదు" అని
మళ్లీ రొట్టె, మళ్లీ రొట్టె,
సుద్ద అరిగి గోరు తగిలేదాకా.

సాయంత్రం చెత్తబుట్టలు ఖాళీ చేస్తూ చూశాను,
టీచరు పుస్తకం తెరిచే ఉంది.
"పిల్లలు ఈరోజు నేర్చుకున్నది" అన్న గడిలో
పెన్ను ఆన్చిన చుక్క ఒకటి, అంతే.

శుక్రవారం వల తిరిగివ్వాలి.
చిరిగిందని రేవులో అబద్ధమాడాను.
చేప ఇప్పుడు బాయిలర్ వెనక గదిలో ఉంది,
తాళంచెవి నా దగ్గర, తాళం మాత్రం వెయ్యను.
మొన్న సోమవారం లైటేసి చూస్తే
బల్ల దగ్గర మూడో కుర్చీ.
చిన్నది, వేరే చేతి గీత.
ఎవరని అడగలేదు.

బయట కప్పులేని ఉప్పు గుట్ట
వానకి కరుగుతోంది.
కరగనీ.