గట్టిగా లాగితే

ఒడ్డున బాగానే పాడింది.
డ్రమ్ములో నీళ్లు పోసి, తోక ముంచి తాడు లాగితే
రెండో లాగుకే అందుకుంది.
పక్కనుంచి నీటి ధార సన్నగా, తిన్నగా
చంటివాడి ఉచ్చలాగ.
"ఏటీ లేదు కదా దానేసూ," అన్నాను.
సూరాడ దానేసు ఇసకలో ఉమ్మేసి
"ఒడ్డున నిలబడితే అందరూ ఈతగాళ్లే," అన్నాడు.
"కెరటం దాటినాక సూడు."

ఈ మాట ఇది నాలుగోసారి.
మొదటిసారి ప్లగ్గులు మార్చాను.
పాతవి తడిసి, నల్లబడి
కాటుక పెట్టుకుని ఏడ్చినట్టున్నాయి.
రెండోసారి కార్బురేటర్ విప్పాను.
జెట్టు కన్నంలో బ్రేకు తీగ పోగు ఒకటి దూర్చి
ఊది, కంటికి ఆనించి చూశాను.
ఆ కన్నంలోంచి రుషికుల్యా మొగ కనబడింది,
అవతల ఇసకతిప్ప, దాని మీద ఒక కుక్క.
ప్లగ్గు బొక్కకి బొటనవేలు అడ్డం పెట్టి
కుర్రాణ్ణి తాడు లాగమన్నాను. వేలు ఎగిరిపడింది.
రెండు గదుల్లోనూ ఊపిరి ఉంది.
పొగ దారిలో మసి గీకితే
మాడిన అట్టులా పెచ్చులు రాలింది.
మూడోసారి బరంపురం పోయి కాయిల్ తెచ్చాను.
కొట్టు సాహు ఒడియాలో, కొత్తదేనని
తల్లి మీద ఒట్టేశాడు,
బిల్లు మాత్రం ఇవ్వలేదు.

పొదంపేట సగం సముద్రం కడుపులో ఉంది.
నా పాకకి ఇది మూడో చోటు.
జరిపినప్పుడల్లా ఒక పానా పోతుంది,
ఈసారి పద్నాలుగో నంబరు.

నాలుగోసారి పానాలు మూటగట్టి
నేనే పడవెక్కాను.

కెరటం దాటాం.
దానేసు పిడి మెలితిప్పాడు.
పడవ ముక్కు పైకి లేచింది.
పది లెక్కపెట్టేలోగా
మోటారు గొంతు మెత్తబడింది.
ఆగలేదు. ఆగినా బాగుండును.
ఆగినదానికి కారణం ఉంటుంది,
నీరసించినదానికి అన్నీ నెపాలే.

అప్పుడు చూశాను,
గొట్టం మధ్య నల్లటి రబ్బరు బుడ్డి
జుర్రేసిన తాటిముంజెలా
రెండు బుగ్గలూ అంటుకుపోయి ఉంది.
పిసికాను. మోటారు గొంతెత్తింది.
వదిలాను. నీలిగింది.
పిసికాను. మళ్లీ ఎత్తింది.
"ఓరి కొర్లయ్యా, ఇది పట్టుకోరా!"
ఒడ్డు దాకా ఆ కుర్రాడు పిసుకుతూనే ఉన్నాడు,
గేదె పొదుగు చేపుతున్నట్టు,
దానేసు నా మొహం చూస్తూ, నేను గొట్టం చూస్తూ.

ట్యాంకు మూత మీద గాలి మర తెరిచే ఉంది.
జల్లెడలో నలుసు లేదు.
ఇంక మిగిలింది గొట్టమే.
పైకి నిగనిగలాడుతోంది,
చిట్లింది లేదు, కారింది లేదు.
తాబేళ్ల కోసం ఏడు నెలలు
మోటారు మూసి ఉంచినప్పుడు
నిరుటి నూనె దాని కడుపులోనే నానింది.
బోడెమ్మ చేపలు కోసే కత్తి అడిగి
నిలువునా చీల్చాను.

లోపలి పొర ఊడి ఉంది,
పాము విడిచిపోయిన కుబుసంలా.
మెల్లగా పీలిస్తే పక్కకి ఒదిగి దారిస్తుంది.
గట్టిగా లాగితే
వచ్చి నోటికి అడ్డం పడుతుంది.

దానేసు ఆ పొరని గోటితో ఎత్తి, వదిలి
ఎత్తి, వదిలి
చాలాసేపు చూశాడు.
"దీనికా ఇన్నాళ్లు," అన్నాడు.

అతని దగ్గర నా పాత బాకీ
మూడు వేల రెండొందలు, కాయిల్ కాక.
పోయినేడు నడివీధిలో గట్టిగా అడిగాను.
నోరు మూసుకున్నాడు, తర్వాత తలుపు.

ఇవాళ కొత్త గొట్టం బిగించి, చేతులు తుడుచుకుని
"నీకు ఈలైనప్పుడే," అన్నాను
ఎటో చూస్తూ.
బోడెమ్మ బొడ్లోంచి
ఉప్పు తడి ఆరని అయిదొందల నోటు తీసింది,
ఆకులో చుట్టి నాలుగు కానాగంతలు కూడా.

మిగతాదానికి
బుడ్డి పిసుకుతూ ఉండాలి.